ఉన్నతి: కోణమా, ఎత్తా?

"బారెడు పొద్దెక్కినది" అని తెలుగువారు అందురు. బార యనగా రెండు చేతులు చాచినప్పటి పొడవు. సూర్యుడు ఆకాశములో పైకి వచ్చినది ఒక కోణము. వాడుక భాష దానిని పొడవుతో కొలిచినది. ఈ మాట విని మోసపోవువారు లేరు. సూర్యుడు నేలనుండి ఆరడుగులు మాత్రమే లేచినాడని పల్లెలో పసివాడు కూడ అనుకొనడు. తూర్పున కనిపించు చెట్లకును ఇండ్లకును పైగా పొద్దు ఎంత లేచినట్లు కంటికి తోచునో అంతయే ఆ మాటకు అర్థము. పొలమునకు ఆలస్యముగా బయలుదేరినవానిని మందలించుటకు అది చాలును. కాని అదే పద్ధతి పాఠ్యగ్రంథములో ప్రవేశించినచో చాలదు. "ఉన్నతి" అను మాట విషయములో జరిగినది ఇదియే.

ఒక మాట, మూడు అర్థములు

ఇంగ్లీషులో "ఆల్టిట్యూడ్" అను మాట మూడు వేర్వేరు చోట్ల వాడుకలో ఉన్నది. త్రిభుజములో ఒక శీర్షమునుండి ఎదుటి భుజమునకు గీసిన లంబము ఆల్టిట్యూడ్. సముద్రమట్టమునకు పైగా ఒక ఊరికి గాని, విమానమునకు గాని గల ఎత్తు ఆల్టిట్యూడ్. నేలయు ఆకాశమును కలిసినట్లు కనిపించు క్షితిజమునకు పైగా సూర్యుడు గాని నక్షత్రము గాని ఎంత కోణములో కనిపించునో అదియు ఆల్టిట్యూడే. మొదటి రెండును పొడవులు. వానిని మీటర్లలో చెప్పవలెను. మూడవది కోణము. దానిని డిగ్రీలలో చెప్పవలెను.

తెలుగు వాచకము ఇంగ్లీషు మాటను ముందు పెట్టుకొని, దానికి "ఉన్నతి" అని ఒక మాటను ఎంచుకొన్నది. జ్యామితిలో త్రిభుజమునకు ఉన్నతి; ఖగోళములో సూర్యునికి ఉన్నతి; భూగోళములో కొండకు ఒకచోట ఎత్తు, మరియొకచోట ఉన్నతి, వేరొకచోట ఔన్నత్యము. ఇంతటితో ఆగినను కొంత మేలే. పదవ తరగతి గణితములో త్రికోణమితి పాఠము వచ్చును. అక్కడ చూచువాని కంటినుండి పోయిన అడ్డగీతకును, వస్తువు కొనవైపు పోయిన చూపుగీతకును నడుమ గల కోణమును "ఊర్ధ్వకోణము" అందురు. ఖగోళ పాఠములోని సూర్యుని ఉన్నతియు, గణిత పాఠములోని ఊర్ధ్వకోణమును ఒకటే వస్తువు. కాని పేర్లు వేరగుటచేత విద్యార్థికి ఆ సంగతి తెలియదు.

కనుక లోపము రెండు విధములు. వేరు వేరు వస్తువులకు ఒకే పేరు పెట్టుట ఒకటి. ఒకే వస్తువునకు వేరు వేరు పేర్లు పెట్టుట రెండవది. మొదటి లోపము వలన విద్యార్థి కలపరానివానిని కలుపును; రెండవదాని వలన కలుపవలసినవానిని విడదీయును.

స్టేషను పలకయు, కొబ్బరిచెట్టును

విజయనగరమునుండి రాయ్‌పూరు పోవు రైలుమార్గములో గజపతినగరము ఒక స్టేషను. మన దేశములోని ఇతర స్టేషనులవలెనే అక్కడ కూడ ఊరి పేరు వ్రాసిన పలకమీద సముద్రమట్టమునుండి ఎత్తు మీటర్లలో ఉండును. ఆ సంఖ్యను రైలులోనుండి చూచినను, ప్లాట్‌ఫారముమీద నిలిచి చూచినను మార్పు లేదు. పొద్దున చూచినను, మాపున చూచినను మార్పు లేదు. అది ఆ నేలకు చెందిన సంఖ్య. చూచువానితో దానికి పని లేదు.

కోణము అట్టిది కాదు. కంటిమట్టమునకు పైగా 15 మీటర్లు లేచిన కొబ్బరిచెట్టు ఒకటి ఉన్నదనుకొందము. 100 మీటర్ల దూరమునుండి చూచినవానికి దాని మొవ్వు సుమారు 8.5 డిగ్రీల కోణములో కనిపించును. 50 మీటర్లకు దగ్గరగా వచ్చినచో 16.7 డిగ్రీలగును. 15 మీటర్లకు వచ్చినచో 45 డిగ్రీలు. చెట్టు పెరుగలేదు, నడిచినది మనిషి. కాబట్టి కోణము చెట్టుకు మాత్రమే చెందినది కాదు, చూచువాని స్థానమునకు కూడ చెందినది.

ఇప్పుడు పడమటి దిక్కునకు చూడవలెను. గజపతినగరపు మైదానమునకు ఆవల తూర్పుకనుమల వరుసలు ఉన్నవి. కంటిమట్టమునకు పైగా వేయి మీటర్ల కొండ ఒకటి 30 కిలోమీటర్ల దూరములో ఉన్నచో, దాని శిఖరము రెండు డిగ్రీలకు లోపుగనే కనిపించును. పైగా అంత దూరములో భూమి వంపు వలన సుమారు 70 మీటర్లు కిందికి పోవును. గాలిలో కాంతి కొంచెము వంగుటచేత అందులో కొద్ది భాగము మాత్రము తిరిగి కంటికి అందును. లెక్క ముగిసిన పిమ్మట కొండ కోణము దాదాపు 1.8 డిగ్రీలు. పెరటిలోని కొబ్బరిచెట్టు కోణము దానికి నాలుగైదు రెట్లు! ఉన్నతి యనగా కోణమైనచో కొండకంటె చెట్టు ఉన్నతమైనది. ఉన్నతి యనగా ఎత్తు అయినచో చెట్టు కొండముందు లెక్కలోనికి రాదు. ఒకే మాట రెండు విరుద్ధమైన తీర్పులు చెప్పుచుండగా, చదువుకొను బాలుడు దేనిని నమ్మవలెను?

సూర్యుడు ఎక్కుట యనగా నేమి?

ఈ తికమక సూర్యుని విషయములో మరింత హాని చేయును. గజపతినగరము ఉత్తర అక్షాంశము సుమారు 18.3 డిగ్రీలు. మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతములలో, పగలును రాత్రియు సమముగా నుండు రోజులలో, అక్కడ మధ్యాహ్న సూర్యుని కోణము 90 నుండి 18.3 తీసివేయగా 71.7 డిగ్రీలు. డిసెంబరు 22 ప్రాంతమున అది 48.3 డిగ్రీలకు దిగును. మే నెల రెండవ వారము చివరను, మరల జూలై నెలాఖరునను సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. ఆ మధ్యాహ్నములందు నిట్టనిలువుగా పాతిన కర్రకు నీడయే ఉండదు. ఈ రెంటికి నడుమ, జూన్ నెలలో, మధ్యాహ్న సూర్యుడు నడినెత్తిని దాటి ఉత్తరమునకు పోవును. కర్ర నీడ దక్షిణమునకు పడును.

వాచకములో "వేసవిలో సూర్యుని ఉన్నతి హెచ్చు, శీతకాలములో తక్కువ" అని వ్రాసి ఊరుకొన్నచో, విద్యార్థి మనస్సులో ఏ బొమ్మ ఏర్పడును? వేసవిలో సూర్యుడు ఎత్తుగా, చలికాలములో పల్లముగా ఉన్నాడని. ఎత్తు యనగా దూరమైనచో వేసవిలో చల్లగా ఉండవలసినది గదా అని తెలివిగల బాలుడు అడుగును. తక్కినవారు వేసవిలో సూర్యుడు దగ్గరకు వచ్చుననుకొని ఊరుకొందురు. రెండును తప్పే. భూమికి సూర్యుడు మిక్కిలి దగ్గరగా నుండునది జనవరి మొదటి వారమున, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లలో. మిక్కిలి దూరముగా నుండునది జూలై మొదటి వారమున, సుమారు 15.2 కోట్ల కిలోమీటర్లలో. దూరములోని ఈ మార్పు కొద్దిపాటిది. వేడిని నిర్ణయించుటలో దానికంటె కోణమునకు ప్రాధాన్యము ఎక్కువ. ఎండ 48.3 డిగ్రీల వాలులో పడినప్పుడు, అదే ఎండ నిలువుగా పడినప్పటికంటె ఎక్కువ నేలమీద పరచుకొనును. గజము నేలకు చేరు ఎండ నిలువు ఎండలో ముప్పాతిక మాత్రమే. పగటి పొడవు తగ్గుటయు దీనికి తోడగును. ఇది కోణము చేసిన పని. "ఎత్తు" అను భావము మనస్సులో తిష్ఠ వేసినచో ఈ కారణము తోచదు.

ధ్రువనక్షత్రము సంగతియు ఇంతే. అది గజపతినగరమున ఉత్తర క్షితిజమునకు సుమారు 18 డిగ్రీల పైన కనిపించును. అనగా ఆ ఊరి అక్షాంశమునకు దాదాపు సమానము. ఉత్తరమునకు పోయిన కొలది అది పైకి పోవును. నక్షత్రము కదలలేదు; వందల కాంతి సంవత్సరముల దూరమున ఉన్నది ఉన్నచోటనే ఉన్నది. మారినది చూచువాని నేల వాలు. ఈ ఒక్క సంగతిని సరిగా చెప్పినచో భూమి గుండ్రన యనుటకు ప్రత్యేకముగా మరియొక పాఠము అక్కరలేదు.

పాతవారు ఏమి చేసిరి?

తెలుగులో ఇందుకు మాటలు లేవనువారు కలరు. ఆ వాదము నిలువదు. జ్యోతిష సిద్ధాంతములలో కోణమునకు "ఉన్నతాంశలు" అని పేరు. అంశ యనగా డిగ్రీ. మాటలోనే కొలమానము ఇమిడి ఉన్నది. నడినెత్తినుండి దిగువకు కొలిచిన కోణమునకు "నతాంశలు" అని పేరు. ఈ రెంటిని కలిపినచో 90. మాట వినినంతనే ఇది కోణమని తెలియును, మీటర్లు స్ఫురింపవు.

ఇంకొక విశేషము. ఆ గ్రంథములలో కోణమును పొడవుగా మార్చు పద్ధతియు కలదు. 12 అంగుళముల కర్రను నిలువుగా పాతి దానిని "శంకువు" అనిరి. సూర్యుని ఉన్నతాంశ జ్యాకు కూడ "శంకువు" అనియే పేరు పెట్టిరి. అంతమాత్రమున వారు కోణమునకును ఎత్తునకును భేదము తెలియనివారు కారు. ఆ పొడవు ఎంత వ్యాసార్ధముగల వృత్తములోనిదో ముందే చెప్పిరి. ఆర్యభటీయము, సూర్యసిద్ధాంతము ఆ వ్యాసార్ధమును 3438 గా గ్రహించినవి. 71.7 డిగ్రీల ఉన్నతాంశకు శంకువు 3438 లో సుమారు 3264 భాగములు. కోణము కోణముగా, పొడవు పొడవుగా, వానిని కలుపు వ్యాసార్ధము ప్రత్యక్షముగా ఉన్నవి. "బారెడు పొద్దు"లో లోపించినది ఈ వ్యాసార్ధమే. బారను ఎంత దూరములో నిలిపి చూడవలెనో ఆ మాట చెప్పదు. చేయి పూర్తిగా చాచి బిగించిన పిడికిలి సుమారు 10 డిగ్రీలను కప్పును, విప్పిన జాన సుమారు 20 డిగ్రీలను కప్పును అని చెప్పినచో అది శాస్త్రమగును. ఏలయన చేతి పొడవు అచ్చట వ్యాసార్ధముగా నిలిచినది.

విషువదినపు మధ్యాహ్నమున 12 అంగుళముల శంకువునకు పడు నీడను "పలభ" అందురు. ఊరిని బట్టి పలభ మారును. గజపతినగరమునకు లెక్క వేసినచో అది 3.97 అంగుళములు, ఇంచుమించు నాలుగు. అనగా ఆనాడు ఆ ఊరిలో మధ్యాహ్నపు నీడ కర్రలో ఇంచుమించు మూడవ వంతు. ఇంత తేలికగా గుర్తుండు లెక్క ఆ ప్రాంతపు బడిపిల్లలకు మరి దొరకదు. ఒక కర్ర, ఒక కొలబద్ద చాలును. గడియారము 12 గంటలు చూపువరకు కాచుకొనక, నీడ మిక్కిలి పొట్టిగా నున్న వేళను పట్టుకొనవలెను. అంతే.

అయినను పాతదంతయు మేలని చెప్పుట సరికాదు. పలభను పది, ఎనిమిది, మూడున్నొక వంతులచేత గుణించి చరఖండములు సాధించు పద్ధతిని వల్లించిన పంచాంగ విద్యార్థులలో, కర్ర పాతి నీడ కొలిచి చూచినవారు ఎందరు? పలభ పట్టికలోని అంకెగా మిగిలి, నీడ మరుగున పడినది. కొత్త వాచకము మాటను చెరిపినది. పాత అభ్యాసము వస్తువును మరచినది.

కోణమునుండి ఎత్తునకు పోవు దారి

కోణము చేతిలో ఉన్నంత మాత్రమున ఎత్తు తెలియదు. నేలమీద ఒక పొడవైనను కొలిచి ఉండవలెను. ఈ సత్యమునకు ఆ తీరముననే ఒక గొప్ప సాక్ష్యము కలదు. భారతదేశపు మహా త్రికోణమితి సర్వేలో దేశమునందు వేర్వేరుచోట్ల కొన్ని ఆధారరేఖలను నేలమీద మిక్కిలి జాగ్రత్తతో కొలిచిరి. అందులో ఒకటి 1862-63 లో కొలిచిన విశాఖపట్టణపు ఆధారరేఖ. గజపతినగరము కూడ ఆనాడు విశాఖపట్టణము జిల్లాలోనిదే. విజయనగరము జిల్లా ఏర్పడినది 1979 లో. ఎండకు సాగి చలికి కుదియు దోషము పట్టకుండ, ఇనుమును ఇత్తడిని జతచేసిన కడ్డీలతో ఆ రేఖలను కొలిచిరి. కోణములు ఎన్ని తీసినను, నేలమీద ఈ కొన్ని మైళ్ల పొడవు లేనిచో దేశపటములో ఒక్క దూరమైనను, ఒక్క కొండ ఎత్తైనను మైళ్లలోగాని అడుగులలోగాని చెప్పుటకు వీలులేదు.

ఎవరెస్టు శిఖరము కథయు ఇదియే. 1849-50 లో జేమ్స్ నికల్సన్ బీహారు మైదానములనుండి, 170 కిలోమీటర్లకు పైబడిన దూరములనుండి, దాని కోణములను కొలిచెను. అవి రెండు డిగ్రీల ప్రాంతపువి; చేయి చాచి చూచినచో ఒక వ్రేలి వెడల్పు. కంటికి ఆ శిఖరము దగ్గరి కొండలకంటె పొట్టిగనే తోచును. రాధానాథ్ శిక్దార్ మొదలగు గణకులు దూరమును, భూమి వంపును, గాలిలో కాంతి వంగుటను లెక్కలోనికి తీసికొన్న పిమ్మటనే అది లోకమున కెల్ల ఎత్తైన శిఖరమని తేలినది. 1856 లో ప్రకటించిన ఎత్తు 29,002 అడుగులు. 2020 లో నేపాల్, చైనా ప్రకటించినది 8848.86 మీటర్లు, అనగా సుమారు 29,032 అడుగులు. రెండు డిగ్రీల కోణమునకును ఈ ఎత్తునకును నడుమ ఎంత పని దాగియున్నదో వాచకము చెప్పవలెను గదా!

వాచకపు లెక్కలలో ఆ పని కనిపించదు. స్తంభము పాదమునుండి ఇన్ని మీటర్ల దూరమున ఊర్ధ్వకోణము 30, లేదా 45, లేదా 60 డిగ్రీలు, ఎత్తు కనుగొనుము. కోణము ఎట్లు వచ్చినది? ఎవరు కొలిచిరి? కన్ను నేలకు ఎంత ఎత్తున ఉన్నది? చాలా లెక్కలలో చూచువాని కన్ను నేలలో పాతిపెట్టినట్లే ఉండును. నిజముగా కొలిచినచో ఏమగునో చూడవచ్చును. 30 మీటర్ల దూరమున ఒక చెట్టు మొవ్వు 20 డిగ్రీలలో కనిపించినచో, లెక్కలో వచ్చునది 10.9 మీటర్లు. అది చెట్టు ఎత్తు కాదు. కంటికి పైనున్న భాగము మాత్రమే. కన్ను నేలకు 1.4 మీటర్ల పైన ఉన్నచో చెట్టు 12.3 మీటర్లు. మరచిన 1.4 మీటర్లు చిన్నవి కావు. చెట్టులో తొమ్మిదవ వంతు. కోణమును కంటినుండి కొలుతుము, ఎత్తును నేలనుండి కొలుతుము అను భేదము ఇక్కడ చేతికి తగులును.

ఆక్షేపణకు సమాధానము

సందర్భమును బట్టి అర్థము తెలియును గనుక ఒకే మాట ఉన్నను దోషము లేదనువారు కలరు. ఇంగ్లీషువారు ఆ విధముగనే నెట్టుకొని వచ్చుచున్నారు గదా అనియు అందురు. సందర్భము చూచి అర్థము గ్రహించువాడు విషయము ముందే తెలిసినవాడు. వాచకము అట్టివానికొరకు కాదు. ఇంగ్లీషులో ఇబ్బంది ఉన్నచో అది ఆ భాష ఇబ్బంది. దానిని అప్పు తెచ్చుకొనవలసిన అగత్యము తెలుగునకు లేదు. 1906 లో విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడిననాటినుండి తెలుగున శాస్త్రము వ్రాయుటకు ఎందరో శ్రమించిరి. 1840 లోనే గోడే వెంకట జగ్గారావు విశాఖపట్టణమున వేధశాల నెలకొల్పెను. నక్షత్రముల కోణములు కొలుచుట ఆ ప్రాంతమునకు కొత్త విద్య కాదు. తెలుగులో శాస్త్రము చెప్పిన అర్థము కాదను మాట తరచుగ వినబడుచున్నది. ఈ విషయములో అర్థము కాకపోవుటకు కారణము తెలుగు కాదు. తెలుగులో ఉన్న రెండు మాటలను వదలి, ఇంగ్లీషులోని ఒక మాటకు నీడగా నడచుట.

త్రిభుజపు లంబమునకు "ఉన్నతి" స్థిరపడినది, దానిని కదల్పనక్కరలేదు. అది త్రిభుజములోనిదే గనుక పొరపాటు రాదు. కొండకు, ఊరికి, విమానమునకు "ఎత్తు" అను తేట తెలుగు మాట చాలును. దానిపక్కన ఏ మట్టమునుండి యన్నది చేర్చవలెను. సముద్రమట్టమునుండి విమానము ఎత్తు ఒకటి, కిందనున్న కొండనుండి దాని ఎత్తు మరియొకటి. ఈ రెంటిని కలగలిపినచో ప్రాణములకే ముప్పు. సూర్యునికి, నక్షత్రమునకు "ఉన్నతాంశ" అని వ్రాసి, గణిత పాఠములోని ఊర్ధ్వకోణము ఇదియేనని ఒక్క వాక్యము చేర్చవలెను. త్రికోణమితి పాఠములో ఆ వాక్యమునే తిరుగవేసి చెప్పవలెను.

పిమ్మట విద్యార్థిచేత కొలిపింపవలెను. కోణమానిని నడుమ దారము కట్టి, దారము కొసకు చిన్న రాయి వ్రేలాడదీసి, అంచు వెంబడి చెట్టు కొనను చూచినచో కోణము తెలియును. సూర్యుని వైపు మాత్రము ఎన్నడును కంటితో చూడరాదు. దానికి కర్ర నీడయే సాధనము. పుస్తకములో అతడు వ్రాయు ప్రతి సంఖ్యపక్కన రెండు సంగతులు ఉండవలెను: డిగ్రీలా, మీటర్లా? కంటినుండియా, నేలనుండియా, సముద్రమునుండియా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వ్రాయగలిగిన బాలుడు పాఠము నేర్చినవాడు. వ్రాయలేకపోయినచో, తప్పు దిద్దవలసినది ముందుగా వాచకములో.